ఆకురాయి అలవాటు

నెరేయిదా తన కేకుల మిక్సర్‌ను సంకన పెట్టుకుని సందు మలుపు తిరిగిందంటే, డొమినో ఆడుతున్నవాళ్లు చేతిలో బిళ్లలు కింద పెట్టి చూస్తారు. ఆవిడ నడకను బట్టి లోపల ఏది పోయిందో చెప్పేస్తారు వాళ్లు. తాపీగా వస్తే వైరు. కాస్త వడివడిగా వస్తే స్విచ్చి. నెత్తి మీద గుడ్డునురగతో, నడుముకు కట్టిన గుడ్డ కూడా విప్పకుండా, చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తే మాత్రం పళ్లచక్రమే.

ఆ మంగళవారం చెప్పుల మోత సందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినిపించింది.

"చక్రమే," అన్నారు డొమినో బల్ల దగ్గరున్నవాళ్లు. అందరూ నవ్వారు గానీ ఓర్లాందో మాత్రం టోపీని ముక్కు మీదికి లాక్కున్నాడు. పాత ప్లాస్టిక్కు కరిగించి ఆ చక్రాన్ని పోతపోసి అమ్మినవాడు అతనే మరి.

గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్న హిల్డోకు పారిపోయే దారి లేదు. బాప్తిజంలో అతనికి పెట్టిన పేరు లియోవిహిల్డో. అంత పేరూ పిలిచేలోగా కరెంటు పోతోందని సందులోవాళ్లు సగానికి కోసేశారు. ప్రభుత్వ రిపేరు షాపులో సగం జీవితం పనిచేసి, అది మూతబడ్డాక ఇంటి గుమ్మాన్నే షాపు చేసుకున్నాడు. కమగ్వే ఊళ్లో ఆ చుట్టుపక్కల తిరిగే ఫ్యాన్లలో సగం ఒకప్పుడు రష్యా నుంచి వచ్చిన బట్టలుతికే మిషన్లే. మిషన్లు చచ్చాక వాటి మోటార్లు పీకి, రెక్కలు తగిలించి, మళ్లీ ప్రాణం పోసింది హిల్డోయే. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. చేతిలో ఎప్పుడూ ఇనుము అరగదీసే ఓ ఆకురాయి ఉంటుంది.

సిగరెట్లు మానేశాక చెయ్యి ఊరుకోక అది పట్టుకున్నాడని కొందరంటారు గానీ, అసలు కారణం వేరు. బజార్లో దొరికే ఏ కొత్త సామానూ తిన్నగా అమరిన పాపాన పోలేదు. బెజ్జం ఇరుకు, అంచు వంకర, ఒక పన్ను లావు, ఇంకో పన్ను అసలే లేదు. నాలుగుసార్లు రుద్దితే గానీ ఏదీ తన చోట కూర్చోదు. ఏళ్ల తరబడి రుద్దీ రుద్దీ హిల్డో చేతికి అది ఊపిరి పీల్చడంలా అలవాటైపోయింది. ఏ వస్తువు తగిలినా ముందు రుద్దుతాడు, తర్వాత చూస్తాడు. ఎవరిదో పెళ్లివిందులో చెంచాను కూడా రుద్దాడని ఓ కథ ఉంది. అది పచ్చి అబద్ధం. అతను రుద్దింది ఫోర్కు.

నెరేయిదా మిక్సర్‌ను బల్ల మీద దబ్బున పెట్టి గుప్పిట తెరిచింది. నీలమూ పసుపూ చారల ప్లాస్టిక్కు ముక్కలు జలజలా రాలాయి.

"ఏంటయ్యా ఇది?"

"మొన్న వేసిన చక్రం," అన్నాడు హిల్డో నీళ్లు నములుతూ.

"చక్రమా? నేనింకా చంటిపిల్లల పాలపళ్లేమో అనుకున్నా! పాకం పోశాక పోయింది హిల్డో. అర్థమవుతోందా నీకు? పోయకముందు కాదు, పోశాక! గుడ్ల కోసం ఎన్ని గుమ్మాలెక్కానో నాకు తెలుసు. చక్కెర ఇంటింటికీ తిరిగి పోగేశాను. అంతా కలిపి నీళ్ల పాయసమైంది. మా కుక్క కూడా వాసన చూసి మూతి తిప్పుకుంది."

హిల్డో ఓ ముక్క తీసి గోటితో నొక్కాడు. అది పిండిలా రాలింది. లోపలంతా బుడగలు.

"ఇదిగో, ఈ నీలం బకెట్టు. ఇది తెలుస్తూనే ఉంది," అన్నాడు. తర్వాత డొమినో బల్ల వైపు తిరిగి గొంతెత్తాడు. "ఒరేయ్ ఓర్లాందో! ఈ పసుపు ఏంట్రా?"

టోపీ కింద నుంచి సన్నగా జవాబొచ్చింది. "చంటాడు కూర్చునే కుండన్నా. శుభ్రంగా కడిగాకే కరిగించా."

సందంతా గొల్లున నవ్వింది.

"గ్యారంటీ అన్నావు కదరా నాతో!"

"అన్నాను. నా గ్యారంటీ సందు మలుపుదాకా అన్నా. మలుపు దాటిందంటే అది నీ చక్రం, నీ తలరాత."

"చక్రానికి ఏం కావాలిరా? గుండ్రంగా ఉండాలి. అంతకు మించి నేనేమైనా అడిగానా? బంగారం అడిగానా? గుండ్రంగా ఉండమన్నా! కోడికి చదువు లేదు, బడి లేదు, అది కూడా రోజూ ఒకే ఆకారం పెడుతుంది!"

"కోడికి పెడుతుండగా కరెంటు పోదు కదన్నా," అన్నాడు ఓర్లాందో. అతనికీ తన బాధలున్నాయి. ప్లాస్టిక్కు సగం కరిగాక కరెంటు పోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

అందరూ నవ్వుతున్నారు గానీ నెరేయిదా నవ్వలేదు. నడుముకున్న గుడ్డ విప్పి నిదానంగా మడత పెట్టింది. ఆవిడ నిదానంగా ఉందంటే భయపడాలని హిల్డోకు తెలుసు.

"శనివారం ఓదాలిస్ కూతురు పదిహేనేళ్ల పండుగ. ఆ పిల్ల పొత్తిళ్లలో ఉండగానే మాటిచ్చా, మూడంతస్తుల కేకు, పైనంతా గులాబీ రంగు నురగ. మాట తప్పను, చేస్తా. అది కూడా మధ్యలో ఆగిందనుకో, సోమవారం బండెక్కేస్తా. సియేగోలో మా చెల్లి ఎప్పట్నుంచో రమ్మని పోరుతోంది. దాని టిఫిన్ల కొట్లో వేపుళ్లు వేసుకుంటూ బతుకుతా. మూకుడులో నూనెకు పళ్లు ఉండవు, రాలవు."

"అక్కడ నీకు ఊపిరాడదు నెరేయిదా," అన్నాడు హిల్డో.

"ఇక్కడ ఆడుతోందా? నేను కేకులు చేసేదాన్నయ్యా, నీ బల్లకూ మా వంటింటికీ మధ్య సామాన్లు మోసేదాన్ని కాదు."

మిక్సర్‌ను బల్ల మీదే వదిలేసి ఆవిడ వెళ్లిపోయింది. చెప్పులు ఈసారి చప్పుడు చెయ్యలేదు.

హిల్డో బల్ల మీది ప్లాస్టిక్కు ముక్కలు ఒక్కొక్కటే ఏరాడు. నెరేయిదా మిక్సర్ మోసుకుని వస్తే అతనికి తలనొప్పి అని సందంతా అనుకుంటుంది. నిజానికి ఆవిడ రాని వారం అతనికి వారంలాగే ఉండదు. ఆవిడ తిడుతుంటే ఇంట్లో రేడియో పాడుతున్నట్టుంటుంది. ఈ మాట ఆవిడతో చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచాడో లెక్క లేదు. తెరిచిన ప్రతిసారీ స్క్రూల గురించో వైర్ల గురించో ఏదో మాట వచ్చి పడేది. ఇప్పుడావిడ వెళ్లిపోతానంటోంది. ఆవిడ లేని సందులో తాను బతకలేడని కాదు, బతుకుతాడు, కానీ ఆ బతుకు ఉప్పులేని కూడు.

మర్నాడంతా అతను చెయ్యని ప్రయత్నం లేదు. గట్టికర్రతో చక్రం చెక్కాడు, పళ్లు విరిగాయి. బజారంతా గాలించాడు. ఒకచోట ఎర్ర బకెట్టు కరిగించిన చక్రం, ఇంకోచోట ఆకుపచ్చ బకెట్టుది. ఒకడైతే పారదర్శకంగా ఉన్న చక్రం చూపించి "ఇది విదేశీ సరుకు" అన్నాడు. హిల్డో వేళ్ల మధ్య పెట్టి నొక్కితే అదీ పుటుక్కుమంది. "విదేశం దాకా వెళ్లినట్టు లేదు, రేవులోనే దిగిపోయినట్టుంది," అని ముక్కలు వాడి చేతిలోనే పెట్టి వచ్చేశాడు.

గురువారం పొద్దున్న నెరేయిదా మళ్లీ వచ్చింది. మిక్సర్ లేదు, చెప్పుల మోత లేదు. చేతిలో తువ్వాలు మూట ఉంది. డొమినోవాళ్లకు ఏం పోయిందో అంతుబట్టలేదు.

"హిల్డో, ఇదేంటో చూడు. మా పెద్దమ్మ వదిలిపోయిన పునీత బార్బరా బొమ్మను తువ్వాల్లో చుడదామని ఎత్తితే, కింద ఇది కనబడింది."

"బొమ్మను ఎందుకు చుడుతున్నావు?"

"ఎందుకేంటి? సియేగో వెళ్తే పునీతమ్మను ఇక్కడే వదిలేసి పోతానా?"

అప్పుడే సామాన్లు సర్దుతోందన్నమాట. హిల్డో మూట విప్పాడు. తువ్వాలు లోపల మైనపు కాగితం, కాగితం లోపల నల్లబడ్డ గ్రీజు. వేలితో గ్రీజు తుడిస్తే లోపల్నుంచి కంచు మెరిసింది.

పళ్లచక్రం. ఈ మిక్సర్‌దే. కొత్తది.

బొమ్మతోపాటు మిక్సర్‌నూ నెరేయిదాకు వదిలిపోయిన ఎలోయీనా పెద్దమ్మ ఎవర్నీ నమ్మే మనిషి కాదు. మొగుడు దుక్కలా ఉండగానే అతను పోయాక వేసుకునే నల్లగౌను కుట్టించి బీరువాలో దాచుకున్న మనిషి. మిక్సర్ కొన్నరోజునే అదనంగా ఇంకో చక్రం కూడా కొని ఉంటుంది. పునీతమ్మ పీట ఓ పక్క అరిగి ఒరిగిపోతుంటే, దాచిపెట్టినట్టూ ఉంటుంది, ఎత్తు పెట్టినట్టూ ఉంటుందని కాలి కింద తోసింది. ఎవరికీ చెప్పకుండానే పోయింది. ఇన్నేళ్లూ నెరేయిదా ఆ బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించి, చక్రం విరగకుండా చూడు తల్లీ అని మొక్కుతూనే ఉంది.

హిల్డో చక్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పన్నుకూ పన్నుకూ మధ్య సందు వెంట్రుకవాసి తేడా లేదు. అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గరుకు తగల్లేదు. వేలుగోటితో కొడితే చిన్న గంటలా మోగింది. అతని కళ్లు చెమర్చాయి. సిగ్గుపడలేదు కూడా.

"చూడు నెరేయిదా. దీన్ని చేసినవాడెవడో మనల్ని ఎరగడు. మనం పుట్టకముందే చేశాడు. అయినా మనమీద ఎంత గౌరవమో చూడు!"

నెరేయిదా బల్ల మీద మోచేతులు ఆనించి అతని మొహంకేసి చూస్తోంది.

"ఆ చక్రాన్ని చూస్తున్నట్టు నన్నెప్పుడూ ఎవరూ చూళ్లేదయ్యా," అంది నవ్వుతూ.

దీనికి జవాబు చెప్పాల్సిన సమయం అదే. హిల్డో నోరు తెరిచాడు. మళ్లీ పాత రిపేరు షాపు సంగతులే వచ్చాయి. ఆ రోజుల్లో సామాన్లు చెక్కపెట్టెల్లో ఎలా వచ్చేవో, రంపంపొట్టు లోంచి వాటిని తీస్తుంటే ఎలా ఉండేదో, మేస్త్రీ వాటిని చంటిపిల్లల్లా ఎలా ఎత్తుకునేవాడో చెప్పుకుపోయాడు. ఆవిడ వింటోంది. అతనికి హాయిగా ఉంది. హాయిగా ఉన్నప్పుడే మనిషి చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

"హిల్డో, ఏం చేస్తున్నావు?"

"చెబుతున్నాగా."

"నోటితో కాదు. చేత్తో."

హిల్డో కిందికి చూశాడు. మోకాలి మీద కంచు పొడి బంగారంలా మెరుస్తోంది. ఎడంచేతిలో చక్రం. కుడిచేతిలో గుండ్రటి ఆకురాయి, చక్రం బెజ్జంలో ముందుకీ వెనక్కీ ఆడుతూ.

చక్రాన్ని బల్ల మీదున్న మిక్సర్ లోపలి ఇరుసుకు తొడిగాడు. చేత్తో నొక్కి ఎక్కించాల్సింది, దానంతటదే జారి లొడలొడమంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆ క్షణంలో హిల్డోకు తన పుడకలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలనిపించింది.

పాతదైపోయి అరిగింది, పెద్దమ్మ తప్పు కొలత కొంది, అనొచ్చు. నెరేయిదాకు తెలిసే దారే లేదు. కానీ ఆవిడ మొహం చూస్తూ అబద్ధం రాలేదు.

"ఇది సరిగ్గా ఉంది," అన్నాడు. "అచ్చంగా సరిగ్గా ఉంది. నా జన్మలో సరైన సామాను ఇదొక్కటే వచ్చింది. దాన్నీ రుద్దేశాను."

నెరేయిదా అతని వైపు చూసింది. ఆకురాయి వైపు చూసింది. మోకాలి మీది పొడి వైపు చూసింది. పెదవులు బిగబట్టుకుంది గానీ లాభం లేకపోయింది. ముందు ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది, తర్వాత పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. గుమ్మం మెట్టు మీద కూలబడి, గోడకు తలానించి, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది.

"ఇన్నేళ్లు పునీతమ్మ కాలికింద పడి ఉంది, చెక్కు చెదర్లేదు! నీ చేతికింద ఒక్క నిమిషం... ఒక్క నిమిషం ఆగలేకపోయావా నాయనా!"

డొమినోవాళ్లు కారణం తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు. హిల్డో మొదట తల దించుకున్నాడు. తర్వాత అతనికీ నవ్వొచ్చింది. ఎప్పుడు అంతగా నవ్వాడో అతనికే గుర్తులేదు.

"నవ్వానని నా మాట మారిందనుకోకు," అంది నెరేయిదా మొహం తుడుచుకుంటూ. "శనివారం. మధ్యలో ఆగితే సోమవారం బండి."

"ఆగదు. ఓర్లాందో! బీరు డబ్బా ఉందా?"

"ఉందన్నా. కానీ నిండుగా ఉంది."

"ఖాళీ చెయ్యి."

"నీకోసం ఏమైనా చేస్తానన్నా," అని ఓర్లాందో నిలబడి గటగటా తాగేశాడు. ఆ సందు చరిత్రలో అంత త్వరగా ఎవరూ ఎవరికీ సాయం చెయ్యలేదు.

హిల్డో డబ్బా రేకును కత్తెరతో సన్నగా కోసి, ఇరుసు చుట్టూ ఒక చుట్టు చుట్టి, దాని మీదికి చక్రాన్ని నొక్కాడు. బిగువుగా దిగింది. కదిలించి చూశాడు, కదల్లేదు. తర్వాత ఆకురాయిని నెరేయిదా చేతిలో పెట్టాడు.

"శనివారం అయ్యేదాకా ఇది నీ దగ్గరుంచు. నా మీద నాకు నమ్మకం లేదు."

శనివారం మధ్యాహ్నానికి ముందు "కరెంటొచ్చిందోయ్!" అన్న కేక డాబాల మీంచి డాబాల మీదికి పరుగెత్తింది. నెరేయిదా వంటింట్లో అన్నీ సిద్ధం. మూడంతస్తుల కేకూ ముందురోజే కాల్చి ఉంచింది. గిన్నెలో గుడ్ల తెల్లసొన, బొగ్గుల పొయ్యి మీద చక్కెర పాకం. మూల అలమరలో ఎర్రవస్త్రం కట్టుకుని, చేత్తో కత్తి పట్టుకుని పునీత బార్బరా ఓ పక్కకు ఒరిగి నిలబడింది. ఉరుములూ మెరుపులూ ఆమె చేతిలో ఉంటాయంటారు. సందుకు నిలకడగా కరెంటు ఇప్పించడం మాత్రం ఆమె వల్ల కూడా కాలేదు.

పండుగ పిల్ల యానిస్లేయ్ జుట్టు ఉంగరాలు తిరగడానికి ప్లాస్టిక్కు గొట్టాలు చుట్టుకుని తల్లి ఓదాలిస్‌తో కలిసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఓర్లాందో కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు గానీ, తన చక్రానికి పోటీగా వచ్చినదాని సంగతేంటో చూడాలని అతనికి ఉంది.

నెరేయిదా స్విచ్చి నొక్కింది. మిక్సర్ మెత్తగా పాట అందుకుంది.

"చప్పుడే లేదేంటన్నా?" అన్నాడు ఓర్లాందో.

"చక్రమంటే అదేరా. నీది తిరిగితే రాళ్ల బండి వెళ్తున్నట్టుండేది."

సొన తెల్లబడింది, పొంగింది. నెరేయిదా గరిటె ఎత్తి పాకం చూసింది. తీగ సాగింది. ఆవిడ ఊపిరి బిగబట్టి, సన్నటి ధారగా పాకం పోయడం మొదలుపెట్టింది. ఒకసారి పాకం పోశాక ఆగడానికి లేదు. ఆగితే అంతా నీళ్లే. నురగ నిగనిగలాడుతూ పైకి లేస్తోంది. హిల్డో గుండె కూడా దాంతోపాటే లేస్తోంది.

ఆఖరి చుక్క పడింది. కరెంటు పోయింది.

నురగ గిలకొట్టే రెండు కాడలూ మెల్లగా తిరిగి, మెల్లగా ఆగిపోయాయి. సందు పొడవునా "అయ్యో!" అన్న పెద్ద నిట్టూర్పు వినిపించింది. నెరేయిదా ఖాళీ పాకం గిన్నె పట్టుకుని, కదలని మిక్సర్‌కేసి చూస్తూ నిలబడిపోయింది.

"అయిపోయింది," అంది.

"ఏమీ అయిపోలేదు," అన్నాడు హిల్డో.

అతను అప్పటికే పరుగెత్తుతున్నాడు. వయసొచ్చాక హిల్డో పరుగెత్తడం సందులో ఎవరూ చూడలేదు. తిరిగొచ్చేటప్పటికి చేతిలో చెక్కకు బెజ్జాలు పెట్టే వడ్రంగుల బర్మా ఉంది, పిడి పట్టుకుని చేత్తో గిరగిరా తిప్పేది. మిక్సర్ మూత విప్పాడు, స్క్రూలు తీసి మోటారును పక్కకు తప్పించాడు. కంచు చక్రం మీదుగా పైకొచ్చిన ఇరుసుకు బర్మా బిగించాడు. బర్మా ఒక కాడను తిప్పితే, చక్రం రెండో కాడను తిప్పుతుంది. చక్రం సరైనదైతేనే సుమా.

తిప్పాడు. రెండు కాడలూ కదిలాయి. ఇంకా జోరుగా తిప్పాడు. నురగలో మళ్లీ గీతలు పడ్డాయి.

"తిరుగుతోంది! అమ్మా, తిరుగుతోంది!" అని యానిస్లేయ్ గెంతింది.

హిల్డో భుజం పట్టేసేదాకా తిప్పాడు. ఆ తర్వాత ఓదాలిస్ అందుకుంది. తర్వాత పిల్ల అందుకుంది, తిప్పుతుంటే జుట్టుకు చుట్టిన గొట్టాలు ఒక్కొక్కటే ఊడి నేలమీద దొర్లాయి. ఆ తర్వాత ఓర్లాందో వంతు వచ్చింది. చెమటలు కారుతూ తిప్పాడు.

"అన్నా, నా చక్రమైతే ఈపాటికి..."

"నీ చక్రమైతే ఈపాటికి నురగలో పళ్లు ఏరుకుంటూ ఉండేవాళ్లం. మాటలాపి తిప్పు."

"ఇది విరగదేంటన్నా? భయమేస్తోంది," అన్నాడు ఓర్లాందో. అతని గొంతులో అసూయ లేదు. నిజంగానే ఆశ్చర్యం.

చాలన్నట్టు నెరేయిదా చెయ్యెత్తింది. నురగ గిన్నె చేతుల్లోకి తీసుకుంది. ఒక్కసారి హిల్డో వైపు చూసి, గిన్నెను అమాంతం అతని నెత్తి మీద బోర్లించి పట్టుకుంది. ఓదాలిస్ కెవ్వుమంది. హిల్డో కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఒక్క చుక్క పడలేదు. తెల్లటి నురగ గిన్నెకు అతుక్కుని తలకిందులుగా గట్టిగా నిలబడింది. వంటింట్లో వాళ్లు అరిచిన అరుపుకు, కరెంటొచ్చిందేమోనని పక్కింటివాళ్లు ఫ్యాన్లు పెట్టుకోవడానికి పరుగెత్తారు.

సాయంత్రం కొవ్వొత్తుల వెలుగులో పండుగ జరిగింది. గులాబీ రంగు కేకు చూసి ముసలమ్మలు దండం పెట్టుకున్నారు. యానిస్లేయ్ తండ్రి చెయ్యి పట్టుకుని మొదటి నాట్యం చేస్తుండగా కరెంటు వచ్చింది. అదేదో ఏర్పాటు చేసిందే అన్నట్టు అందరూ చప్పట్లు కొట్టారు. ఓర్లాందో రెండు ముక్కలు తిని, మూడోది జేబులో పెట్టుకుంటూ పట్టుబడ్డాడు.

హిల్డో, నెరేయిదా మెట్ల మీద కూర్చున్నారు. అతని కుడిచెయ్యి ఇంకా పైకి లేవడం లేదు, ఎడంచేత్తో కేకు తింటున్నాడు. ఎప్పట్నుంచో గొంతులో అడ్డుపడిన మాట బయటికి తీశాడు.

"మధ్యలో ఆగింది కదా నెరేయిదా. సోమవారం..."

"ఏది ఆగింది?"

"మిక్సర్."

"మిక్సర్ ఎక్కడాగింది? ఆగింది కరెంటు. మిక్సర్‌ను నువ్వు తిప్పుతూనే ఉన్నావుగా. పొద్దున్నే చెల్లికి ఫోన్ చేసి చెప్పేస్తా, వేపుళ్లు అదే వేసుకుంటుంది."

హిల్డోకు గాల్లో తేలినట్టైంది. ఆ సంతోషం నేలకు దిగకముందే ఆవిడ మళ్లీ అంది.

"కానీ ఒకటి చూశావా? ఆ కంచు చక్రం ఇక నా జన్మలో విరగదు. మిక్సర్ మోసుకుని నీ గుమ్మానికి రావాల్సిన పని తీరిపోయింది."

ఆ సంగతి హిల్డోకు తట్టలేదు. ఇన్నాళ్లూ మంచి చక్రం, మంచి చక్రం అని కలవరించాడే గానీ, అది దొరికితే ఏం పోగొట్టుకుంటాడో ఆలోచించలేదు. కేకు పళ్లెం పక్కన పెట్టాడు. ఈసారి స్క్రూల మాట రాలేదు.

"నువ్వు రాకపోతే నాకేం బాగుండదు నెరేయిదా. నువ్వు వచ్చి తిట్టి వెళ్తేనే నాకు ఆ వారం గడుస్తుంది."

నెరేయిదా గౌను జేబులోంచి ఆకురాయి తీసి అతని ఒళ్లో పెట్టింది.

"మిక్సర్ బాగుంది. పునీతమ్మే బాలేదు. కాలి కింద ఎత్తు పీకేశాంగా, ఒరిగిపోతోంది పాపం. రేపొచ్చి చూడు."

ఆదివారం హిల్డో ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని సందు దాటాడు. డొమినోవాళ్లు అతని నడక చూశారు గానీ, ఏం పోయిందో అని ఒక్కరూ అడగలేదు. అతని చేతిలో ఆకుపచ్చ బకెట్టుతో పోసిన కొత్త చక్రం ఉంది. ఓర్లాందో ఊరికే ఇచ్చాడు. "దేనికన్నా?" అని అడిగితే హిల్డో చెప్పాడు. ఓర్లాందో టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు. తన సరుకు మీద ఒక పునీతురాలు నిలబడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

హిల్డో బొమ్మను ఎత్తి, చక్రాన్ని పీట కిందికి తోశాడు. ఎప్పటిలాగే ఓర్లాందో చక్రం ఓ పక్క లావు. నిన్నటిదాకా ఎడమకు ఒరిగిన పునీత బార్బరా ఇప్పుడు కుడికి ఒరిగింది. నాలుగుసార్లు రుద్దితే చాలు, తిన్నగా నిలబడుతుంది. అతని చెయ్యి దానంతటదే జేబు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. తర్వాత మెల్లగా పైకి వెళ్లి చెవి గోక్కుంది.

"ఇంకా కొంచెం వంకరగానే ఉంది," అన్నాడు.

"ఆకురాయి తేలేదా?" అంది నెరేయిదా పొయ్యి దగ్గర్నుంచి.

"మర్చిపోయా."

ఆవిడ రెండు కప్పుల కాఫీ పట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చొక్కా జేబులోంచి జానెడు పైకి పొడుచుకొచ్చిన ఆకురాయి పిడి వైపు చూసింది.

"అయితే రేపు తెచ్చుకో," అని కప్పు అతని చేతికిచ్చింది.